చిల్లు లేని గారెలు

పరాంకుశం మాస్టారితో వాదించడం కుదరదు. ఆయన ఓడిపోరు, గెలవరు, అసలు బరిలోకే దిగరు. మన దగ్గరున్న ఆయుధాలన్నీ బయటికి తీసి అలిసిపోయేదాకా వింటారు. ఆ తరవాత కళ్ళజోడు తీసి, పంచె కొసతో తుడుచుకుని, "ఒకాయన ఉండేవాడు" అంటారు. ఆ మాట అన్నారంటే మన ప్రశ్న ఇక మన చేతుల్లో లేనట్టే.

ఆవేళ వినాయక చవితి. వీధి చివరి పందిట్లో మైకు పొద్దున్నుంచీ ఊరి చెవులు కోస్తోంది. మాస్టారి ఇంటి వెనక రేకుల షెడ్డులో మా చదువు గుంపు కూడే రోజు కూడా అదే. మామూలుగా చాపలు చాలనంతమంది వస్తారు. ఆవేళ వచ్చింది ఇద్దరమే. తక్కిన వీరులంతా "అమ్మ బాధపడుతుంది" అని చెప్పి ఇళ్ళకు పోయారు. ఈ దేశంలో విప్లవం ప్రతి ఏడూ ఉండ్రాళ్ళ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది.

ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను, రెండోవాడు సుధీంద్ర. పురోహితుల ఇంటి పిల్లవాడు. జంధ్యం తీసి పెరట్లో దణ్ణెం మీద తువాలు ఆరేసినట్టు ఆరేసి వచ్చేశాడు. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి, "మతం లేనివాడికి నా ఇంట్లో ఏం పనిరా?" అంది. అప్పటినుంచీ ఈ షెడ్డులోనే పడుకుంటున్నాడు. ఆ మాట వాడికి ఎక్కడో దిగింది. దిగిందని ఒప్పుకునే రకం కాదు.

"మాస్టారూ, నాకొక పేరు కావాలి," అన్నాడు. "నాస్తికుడంటే దేవుణ్ణి కాదన్నాడని మాత్రమే తెలుస్తుంది. హేతువాది అనేది ఉద్యోగస్తుల మాట, ఆ పేరు పెట్టుకుని గృహప్రవేశాలు కూడా చేసుకుంటున్నారు. మతరహితుడంటే మందుసీసా మీద రాసే మాటలా ఉంది. మా అమ్మ అన్నదే బాగుంది. మతం లేనివాడు! ఆవిడ దాన్ని తిట్టుగా వాడింది. నేను బిరుదుగా వేసుకుంటాను. వచ్చే సభలో లేచి నిలబడి అందరి ముందూ ప్రకటిస్తాను. అయితే దాని అసలు అర్థమేమిటో ముందు మీరు చెప్పాలి. మతం లేనివాడంటే ఎవడు?"

నేనూ ఊరుకోలేదు. "సంకెళ్ళు తెంచుకున్నవాణ్ణి సంకెళ్ళు లేనివాడంటాం. అందులో లోటేముంది మాస్టారూ? ఈ దేశంలో మనిషికంటే ముందు వాడి మతం పుడుతుంది, మనిషి పోయాక కూడా పాడె మీద అదే ఎక్కి కూర్చుంటుంది. దాన్ని దింపినవాడు ఖాళీ అయినవాడు కాదు, తేలికైనవాడు!" అన్నాను. అలాంటి వాక్యాలకు మాకు కొదవ లేదు. గోడల మీద రాసి రాసి నోటికి వచ్చేశాయి.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఒకాయన ఉండేవాడు," అన్నారు.

మాస్టారికి అప్పటికి పెళ్ళి కాలేదు. ఒక రైల్వే జంక్షన్లో, రైల్వేవాళ్ళ పిల్లలు చదివే బడిలో పనిచేస్తున్నారు. స్టేషను వెనక, పట్టాల పక్కనే ఒక వరస క్వార్టర్లు. అన్నీ ఒకేలాంటి ఇళ్ళు, ఒకే ఎర్ర రంగు తలుపులు. బుకింగ్ క్లర్కు భార్య అలివేలమ్మ ఒక ఇంట్లో, ఇంజను డ్రైవరు హుస్సేనూ ఆయన భార్య ఖాసింబీ ఒక ఇంట్లో, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ దేవదానమూ ఆయన భార్య ఎస్తేరమ్మా ఒక ఇంట్లో ఉండేవారు. ఇంకా కొందరున్నారు. ఎవరూ ఆ ఊరివాళ్ళు కారు. బదిలీ ఎక్కడికైతే అదే ఊరు.

ఆ వరసకొక ఆచారం ఉండేది. పండగ ఎవరిదైనా, ఆ ఇంటి పిండివంటలు పళ్ళెంలో పెట్టి, మీద గుడ్డ కప్పి, ప్రతి గుమ్మానికీ పంపేవారు. ఆ పళ్ళెం వెంటనే తిరిగి రాకూడదు, ఖాళీగా అసలే రాకూడదు. పుచ్చుకున్నవాళ్ళు తమ పండగ వచ్చేదాకా అట్టేపెట్టుకుని, అప్పుడు నింపి పంపాలి. ఉగాదికి అలివేలమ్మ ఇంటినుంచి బొబ్బట్లతో వెళ్ళిన పళ్ళెం రంజానుకి సేమియా ఖీరు గిన్నె మోసుకుంటూ తిరిగొచ్చేది. ఎస్తేరమ్మ పళ్ళెం క్రిస్మస్‌కి బయలుదేరితే దసరాకి ఇల్లు చేరేది. ఏ ఇంటి పళ్ళెమూ ఆ ఇంట్లో ఉండేది కాదు. ఒంటరి మనిషైనా మాస్టారికీ వచ్చేవి. పండక్కి వాళ్ళమ్మ ఊరినుంచి పంపిన సున్నుండలు వేసి ఆయన తిప్పి పంపేవారు.

ఆ వరసలో చివరి ఇంట్లోకి గూడ్సు గార్డు చెంచయ్య వచ్చాడు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎవరితోనైనా రెండు మాటలు మాట్లాడితే మూడో మాటకి వెతుక్కునేవాడు. ఆయన దేవుణ్ణీ మతాన్నీ ఏనాడో వదిలేశాడు. సభల్లో ప్రకటించి కాదు, పుస్తకాలు చదివి, ఇంట్లో కూర్చుని ఆలోచించి వదిలేశాడు. మంత్రాలు లేకుండా చేసుకుంటానంటే ఒప్పుకునే పిల్ల దొరక్క పెళ్ళి కూడా మానుకున్నాడు. నమ్మనిది నోటితో అనకూడదు, చేతితో చెయ్యకూడదు. ఆయనకున్న పట్టుదల అదొక్కటే.

గూడ్సు గార్డు ఉద్యోగం ఎలాంటిదో మాస్టారు మాకు చెప్పారు. బండికి చివర ఒక పెట్టె, అందులో ఒక్కడు. ముందు ఇంజనులో డ్రైవరుకి మాట్లాడుకోవడానికి ఇంకో మనిషి ఉంటాడు. గార్డుకి పచ్చజెండా, ఎర్రజెండా, ఒక ఈల ఉంటాయి. అంత పొడుగు బండి ముందు పోతుంటే, వెనకపడ్డ ఊళ్ళ కేసి చూస్తూ కూర్చోవడమే పని.

ఆయన వచ్చిన తొలి ఉగాదికి అలివేలమ్మ అందరికీ పంపినట్టే పళ్ళెం పంపింది. ఆయన ఇష్టంగా తిన్నాడు. పళ్ళెం ఆయన దగ్గర ఉండిపోయింది. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. ఆయనకి పండగ రాలేదు. ఎలా వస్తుంది? చివరికి ఒకరోజు దాన్ని చింతపండుతో తళతళా తోమి, తనే తీసుకెళ్ళి ఇచ్చాడు.

అలివేలమ్మ తలుపు తీసి పళ్ళెం కేసి చూసింది, ఆయన కేసి చూసింది.

"ఖాళీదండీ," అన్నాడాయన, తెలియదేమోనని.

"అయ్యో, దానికేముంది అన్నయ్యగారూ," అంది ఆవిడ. పళ్ళెం గడప దాటించే ముందు లోపలినుంచి గుప్పెడు బియ్యం తెచ్చి అందులో పోసి, అప్పుడు పట్టుకెళ్ళింది.

ఆ సాయంత్రం కొళాయి దగ్గర వరసంతా దీన్ని మాట్లాడుకుంది. ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు. "పాపం, ఆయనకి పండగ లేదు కదమ్మా. మనం పంపడం, ఆయన ఇబ్బంది పడటం. ఎందుకు పెద్దమనిషిని బాధపెట్టడం?" అని అనుకున్నారు. అంతే. ఆ తరవాత ఆ గుమ్మానికి పళ్ళెం వెళ్ళలేదు.

ఆయనకొక పేరు కూడా వచ్చింది. "దేవుడు లేనాయన." దీన్ని మాస్టారు పలికిన తీరు వింటే నాకు ఒళ్ళు మండింది. అందులో పళ్ళు కొరకడం లేదు, వెక్కిరింత లేదు. మీసాలాయన, కళ్ళజోడాయన అన్నట్టే అనేవారట. కొళాయి దగ్గర బిందెల మీద తగువు వస్తే, "దేవుడు లేనాయన్ని పిలవండర్రా, ఆయన ఏ పక్షమూ కాదు" అనేవారు. ఆయన వచ్చి న్యాయం చెప్పేవాడు. అందరూ ఒప్పుకునేవారు. చెప్పి తన ఇంటికి పోయేవాడు. బిందెలు నింపుకున్నవాళ్ళు అక్కడే కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఒక రంజాను రోజున చెంచయ్య బండి సిగ్నలు దొరక్క సరిగ్గా క్వార్టర్ల ముందే ఆగిపోయింది. ఆయన పెట్టె తన ఇంటికి ఎదురుగా నిలిచింది. పట్టపగలు. వరసంతా కనిపిస్తోంది. ఖాసింబీ పళ్ళేలు పట్టుకుని ఒక్కో గుమ్మం ఎక్కి దిగుతోంది. ఆయన ఇంటి ముందుకి వచ్చింది. తలుపుకి తాళం ఉంది, అది నిజమే. కానీ ఆవిడ తాళం కేసి కూడా చూడలేదు. గోడ ముందునుంచి నడిచినట్టు నడిచిపోయింది.

"తాళం చూసి ఆగినా బాగుండేది మాస్టారూ," అని తరవాత ఆయనే మాస్టారితో అన్నాడట. "అయ్యో, మనిషి లేడే అని."

ఇక్కడ నేను ఆపుకోలేకపోయాను. "చూశారా! పండగ అంటే పంచుకోవడం కాదు, కంచె వేసుకోవడం!" అన్నాను. మాస్టారు నా కేసి చూసి, మైకు కాస్త తగ్గేదాకా ఆగి, మళ్ళీ అందుకున్నారు.

ఒక మంగళవారం. ఏ మతానికీ ఏ విశేషమూ లేని రోజు. అలాంటి రోజు కావాలనే ఎంచుకున్నాడు చెంచయ్య. డ్యూటీ లేదు. మినప్పప్పు నానబోసి, పెరట్లో రుబ్బురోలు ముందు కూర్చుని తనే రుబ్బాడు. గారెలు చేశాడు. వంట వచ్చుగానీ గారె తట్టే చెయ్యి కాదు. ఆకు మీద పిండి పెట్టి మధ్యలో వేలు దింపితే గారె విరిగిపోతోంది. విసిగిపోయి చిల్లు పెట్టడం మానేశాడు. గుండ్రంగా, ఎర్రగా వేగాయి. కొత్త పళ్ళేలు కొని ఉంచాడు. వాటిలో సర్ది, శుభ్రమైన గుడ్డలు కప్పి, ఉతికిన చొక్కా వేసుకుని తనే బయలుదేరాడు.

అలివేలమ్మ తలుపు తీసింది.

"ఏమిటి అన్నయ్యగారూ, ఇవాళ విశేషం?"

"విశేషం ఏమీ లేదండీ. చేశాను."

ఆవిడ గుడ్డ ఎత్తి చూసింది. మొహం మారిపోయింది. ఇంకేమీ అడగకుండా, తల వంచుకుని, రెండు చేతులా పళ్ళెం అందుకుంది.

ఆ వైపు ఇళ్ళలో పండక్కి చేసే గారెకి చిల్లు పెడతారు. పోయినవాళ్ళ పేర, దినానికో తద్దినానికో చేసే గారెకి పెట్టరు. ఈ సంగతి ఆడవాళ్ళందరికీ తెలుసు. ఇన్నేళ్ళు పళ్ళేలు ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళు గనక ఖాసింబీకీ ఎస్తేరమ్మకీ కూడా తెలుసు. చెంచయ్యకి తెలియదు. తల్లి లేకుండా పెరిగినవాడు, తద్దినాలు పెట్టనివాడు, ఆయనకి ఎవరు చెబుతారు?

"ఏం పండగన్నా?" అని అడిగింది ఖాసింబీ.

"పండగ కాదమ్మా."

ఆవిడ గారెల కేసి చూసి, కొంగు తలమీదికి లాక్కుని, "అట్లనా అన్నా" అంది నెమ్మదిగా.

ఎస్తేరమ్మ గుమ్మానికి ఆయన చేరేసరికే గోడ మీదుగా కబురు చేరిపోయింది. ఆవిడ ఏమీ అడగలేదు. "ధైర్యంగా ఉండండయ్యా," అంది. ఇంత చిన్న పనికి ధైర్యమెందుకో ఆయనకి అర్థం కాలేదు. కానీ ఆ మాట బాగుంది. ఇంటికొచ్చి, చొక్కా విప్పకుండానే అరుగు మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం వాళ్ళంతా వచ్చారు.

ఒక్కొక్కరూ కాదు, అందరూ కలిసి. అలివేలమ్మ, ఖాసింబీ, ఎస్తేరమ్మ, వెనక మగవాళ్ళు. చెప్పులు దూరంగా విడిచారు. బడినుంచి వచ్చిన మాస్టారు కూడా వాళ్ళ వెంట వచ్చారు. చెంచయ్య కంగారుగా లేచి చాప పరిచాడు. గారెలు నచ్చి వచ్చారనుకున్నాడు. ఆ అరుగు మీద అంతమంది ఎప్పుడూ కూర్చోలేదు. చోటు చాలక ఆయనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎస్తేరమ్మ ఆయన చెయ్యి పట్టి తన పక్కన కూర్చోబెట్టుకుంది. డ్యూటీలో "లైను క్లియరా?" తప్ప ఇంకో మాట ఎరగని హుస్సేన్ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి, అలాగే ఉంచాడు.

ఎవరూ మాట్లాడలేదు. చెంచయ్యకి ఆ నిశ్శబ్దం కూడా బాగానే ఉంది. పక్కనే ఉన్న చెంబు అందుకుని మంచినీళ్ళు ఇవ్వబోయాడు. ఎవరూ పుచ్చుకోలేదు.

"పెద్ద వయసేనాండీ?" అన్నాడు దేవదానం గొంతు తగ్గించి.

"ఎవరికి?"

"అమ్మగారేనా, అన్నయ్యగారూ?" అంది అలివేలమ్మ. ఆవిడ అప్పటికే కళ్ళు ఒత్తుకుంటోంది. ఖాసింబీ ఏడుస్తూనే ఉంది.

అప్పుడు ఆయనకి అర్థమైంది. "నేను పక్కనే ఉన్నాను," అన్నారు మాస్టారు. "అర్థమైన క్షణం నాకు తెలిసింది. చేతిలో చెంబు కింద పెట్టడం మరిచిపోయాడు."

ఒక్కసారి తల ఊపితే చాలు. అబద్ధం కూడా కాదు. తల్లి పోయిన మాట నిజమే, ఆయనకి ఊహ తెలియకముందే పోయింది. తల ఊపితే వాళ్ళు సాయంత్రం దాకా కూర్చుంటారు. రేపు మళ్ళీ వస్తారు. ఎస్తేరమ్మ అన్నం వండి పంపుతుంది. దుఃఖమున్న ఇంటికి ఆ వరసలో ఏ తలుపూ మూసి ఉండదు. ఆయన భుజం మీద ఇంకా హుస్సేన్ చెయ్యి ఉంది. తనని ఎవరైనా తాకి ఎంతకాలమైందో ఆయనకే తెలియదు.

"మా అమ్మ నా చిన్నప్పుడే పోయిందండీ," అన్నాడు చెంచయ్య. "ఈ గారెలు అందుకు కాదు. ఇవాళ ఎవరూ పోలేదు."

"మరెందుకు చేశారు?"

"మీరు తింటారని."

ఖాసింబీ ఏడుపు మధ్యలో ఆగిపోయింది. కొంగు కళ్ళ దగ్గరే ఉండిపోయింది, ఏం చెయ్యాలో తెలియక. దేవదానం గొంతు సవరించుకున్నాడు.

"మేం తిన్నామండీ. పిల్లలు ఆగలేదు. బాగున్నాయి," అన్నాడు. ఎస్తేరమ్మ మోచేత్తో పొడిచింది.

తక్కినవాళ్ళు తినలేదు. తద్దినం వంట ఇంట్లోకి ఎలా తీసుకెళ్ళాలో తెలియక అలివేలమ్మ పళ్ళెం ప్రహరీ గోడ మీద పెట్టింది. అరుగు మీదికి ఆ గోడ కనిపిస్తోంది. దానిమీద కాకులు వాలి ఉన్నాయి. అందరూ ఒకేసారి అటు చూశారు. చెంచయ్యా చూశాడు.

హుస్సేన్ చెయ్యి తీసేశాడు. కోపంతో కాదు, ఇక ఎందుకు ఉంచాలో తెలియలేదు. సంతాపానికి ఎలా కూర్చోవాలో వాళ్ళకి తెలుసు, పండక్కి ఎలా కూర్చోవాలో తెలుసు. ఊరికే ఒక మనిషి అరుగు మీద ఎలా కూర్చోవాలో ఎవరికీ తెలియలేదు. ఒకరి తరవాత ఒకరు లేచారు. చావు జరిగిన ఇంటినుంచి వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తాం" అనకూడదు. మళ్ళీ అలాంటి పనికే రావాలని కోరుకున్నట్టవుతుంది. వచ్చేటప్పుడు ఆ ఆచారంతో వచ్చారు, పోయేటప్పుడు కూడా నోరు పెగలక అదే ఆచారంతో, ఒక్క మాట అనకుండా చెప్పులు తొడుక్కున్నారు.

చెంచయ్య అరుగు అంచుదాకా వచ్చాడు.

"ఎవరూ పోలేదండీ," అన్నాడు. "వెళ్ళొస్తామని చెప్పొచ్చు."

అలివేలమ్మ ఆగింది. వెనక్కి తిరిగింది. పెదవులు కదిలాయి. అంతమందిలో ఎవరూ అనని మాట ఆవిడ ఒక్కతే ఎలా అంటుంది? తల దించుకుని వెళ్ళిపోయింది.

మాస్టారు చెప్పడం అక్కడ ఆపారు. మైకులో ఎవరో చందాలిచ్చినవాళ్ళ పేర్లు చదువుతున్నారు.

నాకు రక్తం ఉడికిపోయింది. "తల ఊపలేదు చూశారా! అదే గెలుపు! ఆ ఒక్క మాటతో వరస మొత్తాన్నీ ఓడించాడు," అన్నాను. నా మాట నా చెవులకే బాగా వినబడింది. సుధీంద్ర నన్ను పట్టించుకోలేదు. నేల చూస్తూ కూర్చున్నాడు.

"తరవాత?" అన్నాడు వాడు.

"తరవాత ఏముంది? అలాగే ఉన్నాడు. కొళాయి తగువులకి న్యాయం చెప్పాడు. అప్పుడప్పుడూ నేను వెళ్ళి కూర్చునేవాణ్ణి. మూడో మాటకి వెతుక్కునేవాడు. కొన్నాళ్ళకి బదిలీ అయింది. ఎక్కడికో నాకు చెప్పాడు, ఇంకెవరూ అడగలేదు."

సుధీంద్ర తల ఎత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోపం తెచ్చుకుంటే తేలికవుతుందని వెతుక్కుంటున్నాడు. "మూర్ఖులు," అన్నాడు. "మూర్ఖపు మంద! ఆ రోజు వెళ్ళాక ఎన్ని తిట్లు తిట్టుకుని ఉంటారు ఆయన్ని!"

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

"లేదు నాయనా," అన్నారు. "ఆ వరసలో ఆయన్ని ఏనాడూ ఎవరూ ఒక్క తిట్టు కూడా తిట్టలేదు."